మున్షీ సాబు బక్ అప్ రిజిస్టరు

మీరు ఇవాళ అద్దాల మేడల్లో కూర్చుని ఇంగ్లీషు దంచేస్తున్నారంటే, దానికి మొదటి రాయి వేసినవాణ్ణి నేను. నవ్వకండి. హైటెక్ సిటీ అని మీరు పిలుచుకునే ఆ గుట్టల్లో మొట్టమొదటి ఇంగ్లీషు బడి నడిపింది నేనే. నలభై మంది విద్యార్థులు. నల్లబల్ల. గంట.

సరే, గంట లేదు. నల్లబల్ల కూడా లేదు. విద్యార్థి ఒక్కరే. ఆ బడిలో చెప్పిన ఇంగ్లీషు మొత్తం రెండు ముక్కలు: బక్ అప్. ఆ రెండూ నాకు ఎంతవరకు వచ్చో తర్వాత చెబుతాను. ముందే చెబితే మీరు చదవడం మానేస్తారు.

మా మనవరాలు అక్కడే ఏదో కంపెనీలో పనిచేస్తుంది. వాళ్ల ఆఫీసులో ఎవరికి ఏం కావాలన్నా ముందు టికెట్ వేయాలట. కుర్చీ కిర్రుమన్నా టికెట్టే. ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు, ఎవరు చేయాలి, అయిందా లేదా, అన్నీ రాసి చివర క్లోజ్ అనాలట. "ఇదంతా కొత్త పద్ధతి తాతా, నీకు అర్థం కాదులే" అంది. నేను మీసం కింద నవ్వుకున్నాను. అదే గుట్టల మీద, అదే పద్ధతిని, నల్ల షేర్వాణీ తొడుక్కున్న ఒక పెద్దమనిషి రెల్లు కలంతో ఉర్దూలో నడిపాడు. నేను ఆయన దగ్గర పనిచేశాను. పనిచేశాను అంటే, ఆయన పనిచేస్తుంటే పక్కన ఉన్నాను.

నిజాం పాలన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. హఫీజ్‌పేట్ నుంచి గుట్టల్లో పడి నార్సింగి దాకా ఒక కంకర రోడ్డు వేయాలని సర్కారు తలపెట్టింది. రోడ్ల శాఖ వాళ్లు హఫీజ్‌పేట్ స్టేషను వెనక ఒక పెంకుటింటిని కిరాయికి తీసుకుని కచేరీ, అంటే ఆఫీసు, పెట్టారు. దారంతా గుండ్లే. ఇంటి ఎత్తువి, ఏనుగు ఎత్తువి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండేవి. ఒక గుండును పగలగొట్టి దాటడానికి మాకు వారం పట్టేది. ఇప్పుడు మీరు సాయంత్రం పూట అదే చోట కార్లలో ఎంత సేపు నిలబడుతున్నారో విన్నాను. వేగంలో మనకేం పెద్ద తేడా లేదు.

కచేరీలో ముగ్గురం. మొదటివాడు మున్షీ సాబు. సొంత ఊరు నార్సింగి. ఇంట్లో తెలుగు, కచేరీలో ఉర్దూ. ముప్పై ఏళ్ల నౌకరీ. ఆయన రాసిన దరఖాస్తు చదివితే, ఇవ్వనని పంతం పట్టిన అధికారి కూడా కళ్లు తుడుచుకుని ఇచ్చేవాడని పేరు. ఆయనకొక బెత్తం కుర్చీ ఉండేది. దాని మీద ఆయన భార్య కుట్టిన బూరుగు దూది మెత్త. ఎన్ని కచేరీలు మారినా ఆ కుర్చీని ఎడ్లబండి మీద వెంట తీసుకుపోయేవాడు. దాంట్లో కూర్చుని రాసేటప్పుడు ఆయన్ని చూస్తే, రాయడమంటే ఇదీ, మనం చేసేది గీకడం అనిపించేది.

ఆయనకొక నియమం ఉండేది. హాకిం, అంటే పై అధికారి, నోట్లోంచి ఏ హుకుం వచ్చినా రిజిస్టరులో ఎక్కాల్సిందే. వయసులో ఉన్నప్పుడు ఒక హాకిం నోటిమాటగా "ఆ అడ్డం ఉన్న గోడ కూలగొట్టించు" అన్నాడట. ఈయన కూలగొట్టించాడు. ఆ గోడ హాకిం బావమరిదిదని తర్వాత తేలింది. "నేనెప్పుడన్నాను?" అన్నాడట హాకిం. ఆ రోజునుంచి మున్షీ సాబు ఆరు గళ్ల రిజిస్టరు పట్టాడు. వేళ, చోటు, ఎవరితో అన్నది, అన్న మాట, దాని భావం, ఆఖరి గడిలో తామీల్. తామీల్ అంటే హుకుం ప్రకారం పని జరిగిందన్న నివేదిక. ఆరు గళ్లూ నిండితేగాని ఆయనకు అన్నం సహించేది కాదు.

రెండోవాడు ఇంజనీరు గారు. కోస్తా జిల్లాల నుంచి కొత్తగా వచ్చాడు. ముప్పై దాటని వయసు, ఖాకీ నిక్కరు, గంపంత దొర టోపీ. మంచివాడు. ఆయనకు ఉర్దూ ఒక్క అక్షరం రాదు, ఆ సంగతి పైకి చెప్పడానికి సిగ్గు. మున్షీ సాబు సాయంత్రం కాగితాలు ముందు పెడితే, తలకిందులుగా పట్టుకుని గంభీరంగా చూసి సంతకం చేసేవాడు. మున్షీ సాబు కాగితాన్ని మెల్లగా తిప్పి పెట్టేవాడు. ఈయన మళ్లీ గంభీరంగా చూసేవాడు.

మూడోవాణ్ణి నేను. ఇరవై ఏళ్లు. ఇంగ్లీషు బాగా వచ్చని నౌకరీలో చేరాను. ఆ వివరం కూడా తర్వాత.

ఇక ఇంజనీరు గారి ఊతపదం. ఆయన నోట రోజుకు వంద సార్లు వచ్చే మాట, బక్ అప్. పొద్దున రాగానే బక్ అప్. సమ్మెట ఎత్తితే బక్ అప్. దించితే బక్ అప్. మొదటి రోజు ఆయన అతి పెద్ద గుండు దగ్గరికి పోయి, గుర్రాన్ని తట్టినట్టు దాన్ని అరచేత్తో తట్టి "బక్ అప్!" అన్నాడు. మున్షీ సాబు గొలుసు గడియారం తీసి చూశాడు. అక్కడే ఒక రాయి మీద కూర్చుని రాశాడు. వేళ: పొద్దున ఎనిమిదిన్నర. చోటు: మూడో గుట్ట. ఎవరితో: గుండుతో. మాట: బక్ అప్. తర్వాత కలం ఆగింది. నా వైపు తిరిగాడు.

"బేటా, నీకు ఇంగ్లీష్ వస్తది గద. బక్ అప్ అంటే ఏంది?"

ఆ క్షణంలో నా నౌకరీ దారానికి వేలాడింది. ఆ మాట నేను అంతవరకు వినలేదు.

"గట్ల ఒక్క ముక్కల చెప్పొస్తదా సాబ్? జాగాను బట్టి ఉంటది" అన్నాను, గొంతు పెద్దది చేసి.

"మరి గుండుకు చెప్తే ఏంది?"

"గుండుకైతే... పగులు అని."

ఆయన రాసుకున్నాడు. తామీల్ గడిలో చాలాసేపు ఆలోచించి "ఇంతవరకు లేదు" అని రాశాడు.

ఆ సాయంత్రం నుంచి నేను శాస్త్ర పరిశోధన మొదలుపెట్టాను. పదిహేను రోజులు ఇంజనీరు గారిని నీడలా వెంబడించాను. ఎండనక, దుమ్మనక, తిండి మాని, నిద్ర మాని గమనించి, చివరికి ప్రపంచంలో ఏ పండితుడూ కనిపెట్టని సూత్రం ఒకటి కనిపెట్టాను. బక్ అప్ అర్థం బక్ అప్‌లో లేదు, టోపీలో ఉంది. టోపీ నుదుటి మీదికి దిగి ఉంటే, తొందరగా కానివ్వు అని. టోపీ వెనక్కి జరిగి నుదురు కనబడుతుంటే, దిగులు పడకు, ధైర్యం తెచ్చుకో అని. టోపీ చేతిలో ఉంటే, ఇది చాలదు, ఇంకా మంచిగా చెయ్ అని. ఇన్నేళ్ల తర్వాత మా మనవరాలు తన ఫోనులో చూసి చెప్పింది. సరిగ్గా ఆ మూడు అర్థాలేనట. చూశారా!

సూత్రం దొరికాక రిజిస్టరు పరుగులు తీసింది. కొన్ని పద్దులు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

"మధ్యాహ్నం రెండు గంటలు. నీళ్ల పీపా దగ్గర. మేస్త్రమ్మతో. బక్ అప్. టోపీ కిందికి. భావం: తొందరగా కానివ్వు. తామీల్: మేస్త్రమ్మ సమ్మెట కింద పెట్టి, నువ్వే వచ్చి కొట్టమన్నది. ఇంజనీరు గారు కొట్టినారు. సమ్మెట పిడి విరిగినది."

"సాయంత్రం నాలుగు. స్టేషను దారిలో. కుంటుతున్న ఎద్దుతో. బక్ అప్. టోపీ వెనక్కి. భావం: ధైర్యం చెప్పుట. తామీల్: ఎద్దు తల ఊపినది."

"పొద్దున ఎనిమిది. కచేరీ గుమ్మంలో. చాయ్ తెచ్చినవానితో. బక్ అప్. టోపీ చేతిలో. భావం: ఇంకా మంచిగా. తామీల్: మరునాడు చక్కెర ఎక్కువైనది."

"పదకొండు గంటలు. మూడో గుట్ట. గాలి దుమారం. టోపీ ఎగిరిపోయినది. అందరితో బక్ అప్. భావం: టోపీ లేనందున తెలియలేదు."

ఇలా ఆరు నెలల్లో ఒక రిజిస్టరు నిండి, రెండోది ఆఖరి పుటలకు వచ్చింది. ప్రతి పుట కిందా ఇంజనీరు గారి సంతకం. తలకిందులుగా చూసి, తిప్పి చూసి, చేసిన సంతకం.

అన్నట్టు, మేస్త్రమ్మ గురించి చెప్పలేదు కదూ. రాళ్లు కొట్టే ముఠాకు ఆమే పెద్ద. నలభై ఏళ్లుంటాయి. నడుముకు కొంగు బిగించి సమ్మెట ఎత్తితే గుండు దానంతట అదే జరుగుతుందేమో అనిపించేది. నోరు సమ్మెట కంటే గట్టిది. మున్షీ సాబు రాసుకుంటుంటే దగ్గరికొచ్చి అడిగేది, "ఏంది మున్షీ సాబూ, దొర తుమ్మితే గూడ రాస్తవా?"

"తుమ్ము హుకుం కాదమ్మా. హుకుమైతే రాస్త."

"మరి నేను తిట్టింది రాసినవా?"

"తామీల్ గడిల ఉన్నది. అయితే జర మర్యాదగా మార్చి రాసిన."

ఇలా హాయిగా గడిచిపోతుండగా పైనుంచి కాగితం వచ్చింది. ఇక మీదట కచేరీ పనంతా ఇంగ్లీషులోకి మారుతుంది. పెద్ద ఇంజనీరు స్వయంగా వచ్చి ఒక్కొక్కరినీ ఇంగ్లీషులో మాట్లాడించి చూస్తాడు. రానివాళ్లను రాత పనిలోంచి తీసి చందానగర్ స్టోరుకు పంపుతారు. స్టోరు అంటే మీరు గొప్పగా ఊహించుకోవద్దు. గడ్డపారలు, తట్టలు పడేసిన ఒక రేకుల కొట్టం. వాటికి కాపలా.

ఇంజనీరు గారు ఆ కాగితం చదివి వినిపించి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఏం చేస్తామండీ మున్షీగారూ. పైవాళ్ల ఆర్డరండీ" అన్నాడు.

మున్షీ సాబు కుర్చీ మీది మెత్త తీసి రెండు సార్లు దులిపి మళ్లీ పెట్టాడు. దులపడానికి దాంట్లో దుమ్మేమీ లేదు. మధ్యాహ్నం ఇంజనీరు గారు పనిమీదికి వెళ్లాక నా దగ్గరికి వచ్చాడు. ముప్పై ఏళ్ల నౌకరీ చేసిన మనిషి, నా ముందు నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు.

"బేటా, నేను ఇంకో రెండేండ్లు చేస్తె ఇంటికి పోతా. గా రెండేండ్లు గడ్డపారల పక్కన కూసోని పోవుడు నాకు ఇష్టం లేదు. కలంతో మొదలువెట్టిన, కలంతోనే ఆపాలె. జర ఇంగ్లీష్ చెప్తవా?"

"ఫికర్ చెయ్యకు సాబ్. నేనున్న గద!" అన్నాను.

ఇప్పుడు చెప్పాలి, వాయిదా వేసిన వివరం. నాకు ఇంగ్లీషు రాదు. అక్షరాలు వచ్చు. స్టేషను బోర్డు మీద హఫీజ్‌పేట్ అని చదవగలను, ఎందుకంటే పక్కనే ఉర్దూలోనూ తెలుగులోనూ ఉంటుంది. నౌకరీ అడగడానికి వచ్చినప్పుడు పాత అధికారి "అంగ్రేజీ ఆతీ?" అని ఉర్దూలో అడిగాడు. "ఎస్ సార్" అన్నాను. ఆయనకు కూడా అంతకంటే రాదు కాబట్టి పరీక్ష అక్కడితో ముగిసింది.

అయినా నేను బడి పెట్టాను. రోజూ చాయ్ వేళకు మున్షీ సాబు పలక పట్టుకుని స్టూలు మీద కూర్చునేవాడు. నేను ఆయన బెత్తం కుర్చీలో కూర్చునేవాణ్ణి. సిగ్గులేదా అని అడక్కండి, మెత్త చాలా బాగుండేది. గుడ్ మార్నింగ్ చెప్పాను. థ్యాంక్యూ చెప్పాను. మూడో రోజుకు నా దగ్గర సరుకు అయిపోయింది. నాలుగో రోజునుంచి బక్ అప్. టోపీ కింద ఒక బక్ అప్, టోపీ పైన ఒక బక్ అప్. ఆయన ప్రతిదాన్నీ శ్రద్ధగా రాసుకుని, రాత్రి ఇంట్లో భార్యతో కూడా అంటున్నానని చెప్పాడు.

"ఏమంటది సాబ్?"

"ముందుగాల టోపీ వెట్టుకొని చెప్పు అంటున్నది."

పెద్ద ఇంజనీరు రానే వచ్చాడు. జీపు గుట్ట ఎక్కలేక మొరాయిస్తే ఆఖరి ఫర్లాంగు నడిచి వచ్చాడు. నగరం మనిషి. తెల్లటి మీసం, చేతికర్ర. ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు వచ్చు, తెలుగు వచ్చు. అన్నీ వచ్చిన మనిషి కంటే భయంకరమైన మనిషి ఉండడు. కచేరీ ముందు పందిరి కింద బల్ల వేశాం. పని ఆపి ముఠా అంతా చుట్టూ చేరింది. మేస్త్రమ్మ ముందు వరసలో సమ్మెట మీద గడ్డం ఆనించి నిలబడింది. మా ఇంజనీరు గారు పై అధికారి ముందు మర్యాదకని టోపీ తీసి లోపల కొయ్యకు తగిలించి వచ్చాడు. ఈ టోపీ సంగతి గుర్తు పెట్టుకోండి.

పెద్ద ఇంజనీరు కూర్చుని అడిగిన మొదటి మాట, "ఈ కచేరీల ఇచ్చిన హుకుముల రిజిస్టర్ తెండి."

మున్షీ సాబు ఆ రెండు రిజిస్టర్లనూ ఎర్ర గుడ్డలోంచి విప్పి, రెండు చేతులతో అందించాడు. ఆయన దృష్టిలో అడిగింది అవే, ఉన్నవీ అవే. నా గుండె జారి చెప్పుల్లోకి వచ్చింది.

పెద్ద ఇంజనీరు చదవడం మొదలుపెట్టాడు. మొదట లోలోపల చదివాడు. తర్వాత కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత పైకి చదివాడు, ఉర్దూ ముక్కను తెలుగు చేసుకుంటూ.

"ఎవరితో, గుండుతో. బక్ అప్. తామీల్, ఇంతవరకు లేదు." పుట తిప్పాడు. "ఎద్దుతో. బక్ అప్. ఎద్దు తల ఊపినది." ఇంకో పుట. "మేస్త్రమ్మ నువ్వే వచ్చి కొట్టమన్నది. ఇంజనీర్ కొట్టిండు. పిడి విరిగింది."

"విరిగింది నిజమే దొరా" అంది మేస్త్రమ్మ. "కొత్త పిడి ఇంక రాలే."

పెద్ద ఇంజనీరు తల ఎత్తాడు. "ఏమయ్యా ఇంజనీర్, ఆరు నెలల సంది ఈ కచేరీల నువ్వు ఇచ్చిన హుకుం ఇదొక్కటేనా? గుండుకు, ఎద్దుకు, చాయ్‌వాలాకు?"

మా ఇంజనీరు గారి మొహం ఎర్రమట్టి రంగుకు తిరిగింది. "సార్, అది... ఊరికే అనేమాటండీ. ఇవన్నీ రాస్తున్నారని నాకు తెలియదండీ."

"తెలియదా? ప్రతి పుట కింద సంతకం ఎవరిది?"

ఇంజనీరు గారు లేని టోపీ కోసం తల తడుముకున్నాడు.

పెద్ద ఇంజనీరు మున్షీ సాబు వైపు తిరిగాడు. ఆయన గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "మున్షీ సాబ్. ఇది ఎగతాళికి రాసిండ్రా, పనికి రాసిండ్రా? ఎందుకు రాసిండ్రో నాకు ఇంగ్లీష్‌ల చెప్పండి. మీ ఇమ్తిహాన్, మీ పరీక్ష, ఇదే అనుకోండి."

అప్పుడు ఏం జరిగిందంటే, నేను గుంపును చీల్చుకుని ముందుకొచ్చాను. పెద్ద ఇంజనీరు కళ్లలోకి సూటిగా చూశాను. మున్షీ సాబు నిజాయితీ గురించి పావుగంట పాటు ధారగా ఇంగ్లీషులో మాట్లాడాను. జనం చప్పట్లు కొట్టారు. ఈ కథ పెళ్లిళ్లలో, రైళ్లలో, దవాఖాన వరండాల్లో ఇలాగే చెప్పాను. మా పిల్లలకు ఇలాగే తెలుసు.

కాని ఇది అచ్చులోకి పోతోంది. అచ్చులో అబద్ధం చెబితే మున్షీ సాబు ఎక్కడున్నా గడియారం తీసి రాసుకుంటాడు. అందుకని చెబుతున్నాను. నేను ఆ సమయంలో నీళ్ల పీపా వెనక ఉన్నాను. గొంతుక్కూచుని. పీపాకు ఒక కంత ఉంటే దాని పక్కనుంచి చూశాను. జరిగింది ఇది.

మున్షీ సాబు నిలబడిపోయాడు. గుడ్ మార్నింగ్‌కు వేళ దాటిపోయింది. థ్యాంక్యూ చెప్పడానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆయన వేళ్లు షేర్వాణీ గుండీని పెడుతూ తీస్తూ ఉన్నాయి. కళ్లు జనంలో నాకోసం వెతికాయి. నేను పీపా వెనక ఇంకొంచెం వంగాను. ఇన్నేళ్లలో నేను వేసిన వేషాలన్నీ మరిచిపోయాను గాని, ఆ వంగడం ఒక్కటీ మరిచిపోలేదు.

అప్పుడు మా ఇంజనీరు గారు, తన తలే బల్ల మీద ఉన్నదన్న సంగతి మరిచిపోయి, వెనకనుంచి మెల్లగా అన్నాడు. "మున్షీగారూ. బక్ అప్."

మున్షీ సాబు తల తిప్పి ఆయన్ని చూశాడు. టోపీ లేదు. లోపల కొయ్యకు ఉంది. నా సూత్రం పనిచేయదు. ఆయన ఆ ఉత్త తలను, దాని కింద ఉన్న మొహాన్ని, కొద్దిసేపు చదివాడు. ఉర్దూ చదివినట్టు, కుడినుంచి ఎడమకు. తర్వాత ఆయన చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. గడియారం తీశాడు. వేళ చూశాడు. పెద్ద ఇంజనీరు ముందున్న రిజిస్టరును, మాఫ్ చేయమంటూ సలాము చేసి, తన వైపు తిప్పుకున్నాడు. నిలబడే కలం ముంచాడు. ఒక్కొక్క గడీ నింపాడు. ఆఖరి గడి నింపి కలం పక్కన పెట్టాడు.

పెద్ద ఇంజనీరు వంగి చదివాడు.

"వేళ, పన్నెండు మీద పది నిమిషాలు. ఎవరితో, మున్షీతో. బక్ అప్. భావం..." ఆగాడు. "ధైర్యం చెప్పుట. తామీల్..." మళ్లీ ఆగాడు. "అయింది."

తల ఎత్తి మున్షీ సాబును చూశాడు. మున్షీ సాబు నిటారుగా నిలబడి ఉన్నాడు.

"భావం ఎట్ల తెలిసింది మీకు?"

"మొహం చూసిన హుజూర్. ఇన్ని దినాలు టోపీ చూసుకుంట కూసున్న. తప్పు నాదే." రిజిస్టరు మీద చెయ్యి పెట్టి అన్నాడు. "ఎగతాళికి రాయలే హుజూర్. హాకిం మాటకు సాక్ష్యం లేకుంటే రేపు గోడ ఎవరిదో, కూలగొట్టింది ఎవరో తెల్వదు. నాకు ఇంగ్లీష్ రాదు. వచ్చిన ఒక్క మాటనూ ఎక్కడ పారవెయ్యలే."

పెద్ద ఇంజనీరు మీసం దువ్వుకున్నాడు. కర్రతో నేల మీద గీతలు గీశాడు. ఏం తేలుస్తాడోనని అందరం ఆ కర్ర వైపే చూస్తున్నాం. నా ఊపిరి పీపాకు వినబడుతోంది. అప్పుడు మేస్త్రమ్మ గడ్డం సమ్మెట మీదినుంచి తీసింది.

"దొరా, ఒక్క మాట అడుగుతా, కోపం జెయ్యకు. ఇంగ్లీష్ రానోడు చందానగర్ పోవాలె అంటున్నవు. మరి ఉర్దూ రాకుంట ఉర్దూ మీద సంతకం వెట్టినోడు యాడికి పోవాలె?"

ముందు ఒక ముసలామె నవ్వింది. తర్వాత ముఠా. తర్వాత, ఆపుకోలేక, పెద్ద ఇంజనీరు. ఆ నవ్వు గుండ్లకు తగిలి తిరిగి వచ్చింది. నవ్వనివాడు మా ఇంజనీరు గారొక్కడే. కాసేపటికి ఆయన కూడా.

"ఇద్దరూ ఈడనే ఉంటరు" అన్నాడు పెద్ద ఇంజనీరు. "ఆర్నెల్లు గడువు. నువ్వు మున్షీ సాబుకు ఇంగ్లీష్ చెప్పు. ఆయన నీకు ఉర్దూ చెప్తడు. మళ్ల వచ్చినప్పుడు ఇద్దరి ఇమ్తిహాన్ తీసుకుంటా. మున్షీ సాబ్, మీ కుర్చీల మీరు కూసోండి."

నేను పీపా వెనక సంతోషంతో ఎగిరాను. ఎగరకుండా ఉండాల్సింది.

"ఎవరది? బయటికి రా. ఈ రిజిస్టర్ల టోపీ కిందికి, టోపీ వెనక్కి అని భావాలు చెప్పిన ఇంగ్లీష్ పండితుడు నువ్వేనా?"

ఆ తర్వాత ఆయన నన్ను ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగాడు. "ఎస్ సార్" అన్నాను. ఇంకో ప్రశ్న అడిగాడు. "ఎస్ సార్" అన్నాను. మూడోది, నీకు ఇంగ్లీషు బొత్తిగా రాదు కదా అని అడిగాడని తర్వాత తెలిసింది. దానికీ ఎస్ సార్ అన్నాను. ఆ రోజు నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అదే.

మరునాటి నుంచి చందానగర్ స్టోరు. గడ్డపారలు, తట్టలు, రేకుల కొట్టం, నేను.

ఇంకో ఒప్పుకోలు మిగిలింది. టోపీ సూత్రం నేను కనిపెట్టింది కాదు. మేస్త్రమ్మ చెప్పింది. పదిహేను రోజుల పరిశోధన, నిద్ర మానడం, అంతా బొంకు. రెండో రోజునే పోయి "ఆయన మాట నీకెట్ల సమజైతున్నది పెద్దమ్మా?" అని అడిగితే, "మాట ఎవడు ఇంటడు పిల్లగా, టోపీ చూడు" అంది. దానికి నేను ఇచ్చిన గురుదక్షిణ ఒక బీడీ కట్ట. అదీ సగం కాల్చింది.

స్టోరుకు వెళ్లిన పది రోజులకు, పదును పెట్టాల్సిన గడ్డపారల బండితో పాటు ఒక చిట్టీ వచ్చింది. ఆరు గళ్లు. వేళ, చోటు అందమైన ఉర్దూలో. ఎవరితో అన్నచోట నా పేరు. మాట గడిలో మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, అప్పుడే నడక నేర్చిన పిల్లల్లా ఒకదాని మీద ఒకటి పడుతూ: బక్ అప్. భావం గడి ఖాళీ.

ఎంత చూసినా టోపీ కనబడలేదు. తొందరగా తిరిగి రమ్మని అర్థమేమోనని ఆశపడి, ఆదివారం పొద్దున్నే చందానగర్ నుంచి హఫీజ్‌పేట్‌కు పట్టాల వెంట పరుగెత్తాను. మున్షీ సాబు బెత్తం కుర్చీలో కూర్చుని, ముందు పలక పెట్టుకుని, ఇంజనీరు గారు ఇచ్చిన పాఠం దిద్దుకుంటున్నాడు. ఒగరుస్తూ గుమ్మంలో నిలబడ్డ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"తప్పు జేసిన సాబ్" అన్నాను. "నాకు ఇంగ్లీష్ రాదు."

"గది నాకు ఎప్పటి సంది ఎర్కనే" అన్నాడు. "మూడోనాడే నీ సరుకు అయిపోయింది."

"మరి ఎందుకు చెప్పించుకున్నవు?"

"నువ్వు గా కుర్చీల కూసున్నప్పుడు మంచిగ కనబడ్డవు. ఒకనాడు నిజంగ కూసుంటవేమో అనిపించింది."

కాలితో స్టూలును నా వైపు తోశాడు. పలక తుడిచి నా చేతిలో పెట్టాడు.

మొదట్లో చెప్పాను కదా, ఆ గుట్టల్లో మొట్టమొదటి ఇంగ్లీషు బడి, విద్యార్థి ఒక్కరే అని. ఆ ఒక్క విద్యార్థి నేనే. ప్రతి ఆదివారం, రెండేళ్లు. వారమంతా ఇంజనీరు గారి దగ్గర ఆయన నేర్చుకున్నదంతా ఆదివారం నాకు చెప్పేవాడు. ఆరు నెలల తర్వాత పెద్ద ఇంజనీరు వచ్చి వాళ్లిద్దరికీ పరీక్ష పెట్టాడు. ఇద్దరూ గట్టెక్కారు. మున్షీ సాబు ఆఖరి రోజు దాకా ఆ కుర్చీలోనే రాశాడు.

ఆయన నౌకరీ ముగించి ఇంటికి వెళ్లిపోయిన రోజున రెండో రిజిస్టరు ఆఖరి పుట తీసి నాకు చూపించాడు. మా మొదటి ఆదివారం నాటి పద్దు. వేళ, చోటు, ఎవరితో అన్నచోట నా పేరు, బక్ అప్. భావం గడిలో, ఇంకా మంచిగా చేయుమని. పక్కన తామీల్ గడి కూడా నిండే ఉంది. ఆత్రంగా చదివాను. మూడో గుట్ట మీది గుండుకు ఏం రాశాడో, నాకూ అదే రాశాడు.

"ఇంతవరకు లేదు."